కల్తీ చేసి కరెంటు పారించిన నెర్న్‌స్ట్

బీఎస్‌-6 బైక్‌కి ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టం మీద స్పార్క్ ప్లగ్ లాంటి చిన్న భాగం ఒకటి బిగించి ఉంటుంది. దాన్నుంచి ఒక వైరు వెళ్తుంది. మెకానిక్‌ని అడిగితే ఓటూ సెన్సర్ అంటాడు. లోపల ఉండేది తెల్లటి పింగాణీ లాంటి గుల్ల. జిర్కోనియం ఆక్సైడ్‌లో కొంచెం ఇట్రియం ఆక్సైడ్ కలిపి, బాగా కాల్చి తయారుచేస్తారు. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో ఆ గుల్ల వోల్టుల్లో చెబుతుంది. అదెలాగో లెక్క కావాలంటే మాత్రం ఇంటర్ సెకండియర్ కెమిస్ట్రీ పుస్తకం తీయాలి. ఎలక్ట్రోకెమిస్ట్రీ పాఠంలో మనం కంఠతా పట్టిన నెర్న్‌స్ట్ సమీకరణమే అది.

ఆ లెక్క, ఆ పింగాణీ రెండూ ఒకే మనిషివి. లెక్క 1889 నాటిది, పింగాణీ 1897 నాటిది. రెంటినీ కలిపి కారు సైలెన్సర్‌లో బిగించింది 1976లో. అప్పటికి ఆయన పోయి 35 ఏళ్లు.

ఇప్పుడు ఏ యూనివర్సిటీ కెమిస్ట్రీ, ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు చూసినా డోప్డ్ మెటల్ ఆక్సైడ్, నానో మెటీరియల్, బ్యాటరీ అనే మాటలు కనిపిస్తాయి. ప్రాజెక్ట్ టైటిళ్లలో, జేఆర్‌ఎఫ్ ప్రకటనల్లో, కంపెనీల ఇంటర్వ్యూల్లో అవే మాటలు. డోపింగ్ అంటే కావాలని చేసే కల్తీ. శుభ్రమైన ఆక్సైడ్‌లో వేరే లోహం కొద్దిగా కలిపితే దాని విద్యుత్ గుణం మారిపోతుంది. ఆ పని ముందుగా చేసి, కొలిచి, పేటెంట్ తీసుకుని, అమ్మి డబ్బు కూడా చేసుకున్న మనిషి వాల్టర్ నెర్న్‌స్ట్. పరీక్షల్లో ఆయన పేరు రాసినన్నిసార్లు ఆయన గురించి మనం తెలుసుకోలేదు.

జడ్జిగారి అబ్బాయి

నెర్న్‌స్ట్ 1864 జూన్ 25న పశ్చిమ ప్రష్యాలోని బ్రీజెన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఆ ప్రాంతం ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తండ్రి జడ్జి. అబ్బాయి క్లాసులో ఫస్టు. కవి కావాలని కూడా ఆశ ఉండేదంటారు. అప్పట్లో జర్మన్ విద్యార్థులకు ఒక వెసులుబాటు ఉండేది. చేరిన యూనివర్సిటీలోనే డిగ్రీ పూర్తిచేయాలన్న నిర్బంధం లేదు. ఎవరి పాఠం బాగుంటే వాళ్ల దగ్గరికి వెళ్లిపోవచ్చు. అలా ఆయన జ్యూరిక్, బెర్లిన్, గ్రాజ్, వూర్జ్‌బర్గ్ నాలుగూ తిరిగారు.

గ్రాజ్‌లో బోల్ట్జ్‌మన్ పాఠాలు చెప్పేవారు. అక్కడే ఎటింగ్స్‌హౌజెన్‌తో కలిసి, అయస్కాంతాల మధ్య పెట్టిన లోహపు రేకును ఒక కొసన వేడి చేస్తే అడ్డంగా వోల్టేజీ పుడుతుందని 1886లో చూపించారు. ఇప్పటికీ దాన్ని నెర్న్‌స్ట్ ఎఫెక్ట్ అనే అంటారు. అప్పటికి ఆయన వయసు 22.

డాక్టరేట్ వూర్జ్‌బర్గ్‌లో, ఫ్రీడ్రిష్ కోల్‌రాష్ దగ్గర. అవును, మన పుస్తకంలోని కోల్‌రాష్ నియమం ఆయనదే. ద్రావణాల గుండా కరెంటు ఎంత పారుతుందో కొలవడంలో ఆయన దిట్ట. బ్యాటరీ కరెంటు పెట్టి కొలిస్తే ఎలక్ట్రోడ్ల దగ్గర గ్యాసు పేరుకుని లెక్క తప్పుతుంది. అందుకని దిశ మార్చుకుంటూ ఉండే ఏసీ కరెంటు పెట్టి, బ్రిడ్జి సర్క్యూట్‌లో కొలిచేవారు. ఈరోజు బ్యాటరీ ల్యాబ్‌లో లక్షలు పోసి కొనే ఇంపీడెన్స్ ఎనలైజర్‌కి తాతగారు ఆ బ్రిడ్జే. నెర్న్‌స్ట్ ఆ విద్య అక్కడ పట్టారు. తర్వాత గోటింగెన్‌లో దాన్నే ఇంకా పదును పెట్టారు.

వూర్జ్‌బర్గ్‌లోనే అరీనియస్‌తో స్నేహం కుదిరింది. లీప్‌జిగ్‌లో ఆస్ట్‌వాల్డ్ కొత్తగా భౌతిక రసాయనశాస్త్రానికి ల్యాబ్ పెడుతూ 1887లో నెర్న్‌స్ట్‌ని అసిస్టెంట్‌గా తీసుకున్నారు. కోల్‌రాష్, అరీనియస్, ఆస్ట్‌వాల్డ్, నెర్న్‌స్ట్... మనం ఒక చాప్టర్‌లో చదివే పేర్లన్నీ ఆ నాలుగేళ్లలో ఒకరి గదిలోకి ఒకరు వెళ్లొచ్చిన మనుషులవే.

1889లో, యూనివర్సిటీలో పాఠం చెప్పే అర్హత కోసం రాసిన థీసిస్‌లో ఆ సమీకరణం వచ్చింది. బ్యాటరీ వోల్టేజీ ఎంత అన్నది అందులోని లోహాల మీదే కాక, అయాన్ల గాఢత మీద కూడా ఆధారపడుతుంది. ఎంత ఆధారపడుతుందో ఒక్క లాగరిథమ్‌తో తేల్చేశారు. 25 డిగ్రీల దగ్గర 0.059 అని మనం కళ్లు మూసుకుని వేసే అంకె అక్కణ్నుంచి వచ్చిందే. వాడేకొద్దీ సెల్ వోల్టేజీ ఎందుకు దిగుతుందో మొదటిసారి అంకెల్లో దొరికింది. ఆ ఏడాది ఆయనకు 25 నిండాయి.

ఆఫర్ లెటర్ విలువ

తర్వాత గోటింగెన్. అక్కడ చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి, 1893లో పెద్ద పాఠ్యగ్రంథం రాశారు. భౌతిక రసాయనశాస్త్రం చదివే ఒక తరానికి అదే పుస్తకం. 1894లో మ్యూనిక్ నుంచి ప్రొఫెసర్ పదవికి పిలుపొచ్చింది. ఆయన వెళ్లలేదు. అలాగని ఊరికే కూర్చోనూ లేదు. ఆ పిలుపును చేతిలో పెట్టుకుని ప్రష్యా ప్రభుత్వంతో బేరానికి దిగారు. ఫలితంగా గోటింగెన్‌లోనే ప్రొఫెసర్ పదవి, దానితోపాటు భౌతిక రసాయనశాస్త్రానికీ ఎలక్ట్రోకెమిస్ట్రీకీ కొత్త ఇన్‌స్టిట్యూట్ దక్కాయి. జీతం పెంచమని అడగడం కాదిది, పని చేసుకునే చోటు ఇమ్మని అడగడం. రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కావు.

ఉప్పు నీళ్ల ఆలోచన

అప్పటికి ఎడిసన్ బల్బు వచ్చి పదిహేనేళ్లు దాటింది. అందులో కార్బన్ తీగ. ఎర్రటి పసుపు వెలుగు, కరెంటు ఖర్చు ఎక్కువ. గాలి తగిలితే కార్బన్ కాలిపోతుంది కాబట్టి గాజు బుడ్డిలోంచి గాలంతా లాగేయాలి. ఇంకా ఎక్కువ వేడికి తట్టుకునే పదార్థం దొరికితే వెలుగు తెల్లగా, చౌకగా వస్తుందని అందరికీ తెలుసు. ఆ పదార్థం ఏదన్నదే ప్రశ్న.

ఆక్సైడ్లు వేడికి బాగా తట్టుకుంటాయి. గాలిలో కాలవు కూడా, ఎందుకంటే అవి ముందే ఆక్సిజన్‌తో కలిసిపోయినవి. కానీ కరెంటు పారదు. స్తంభాల మీద కరెంటు తీగలకు అడ్డంగా పింగాణీ కప్పులు పెట్టేది అందుకేగా. బాగా వేడెక్కితే కొన్ని కొద్దిగా పారనిస్తాయి, దీపానికి అది చాలదు.

ఇక్కడ నెర్న్‌స్ట్‌కి తన ద్రావణాల చదువు పనికొచ్చింది. శుభ్రమైన నీరు కరెంటును దాదాపు పారనివ్వదు. చిటికెడు ఉప్పు వేస్తే పారుతుంది. ద్రవంలో కల్తీ చేసే పని గట్టి పదార్థంలోనూ ఎందుకు చేయకూడదు? ఒక్కో ఆక్సైడ్‌ని విడిగా, జంటగా తీసుకుని వేడి చేస్తూ కొలిచారు. మిశ్రమాలు విడి ఆక్సైడ్ల కంటే ఎంతో బాగా కరెంటును పారనిచ్చాయి. వాటిలో బాగా కుదిరిన జంట జిర్కోనియా, ఇట్రియా. బరువులో 85 పాళ్లు ఒకటి, 15 పాళ్లు ఇంకొకటి. ఈ ముద్దకే నెర్న్‌స్ట్ మాస్ అని పేరు.

ఎందుకిలా జరుగుతుందో ఇప్పుడు మనకు తెలుసు. చిన్నప్పుడు ఆడిన అంకెల పలకల ఆట గుర్తుందా? పదిహేను పలకలు, ఒక ఖాళీ గడి. ఆ ఒక్క ఖాళీ లేకపోతే ఏ పలకా కదలదు. శుభ్రమైన జిర్కోనియాలో ఆక్సిజన్ గడులన్నీ నిండి ఉంటాయి. జిర్కోనియం అయాన్‌కి నాలుగు ధనావేశాలు, ఇట్రియంకి మూడే. జిర్కోనియం సీట్లలో రెండు ఇట్రియంలను కూర్చోబెడితే మొత్తం ఆవేశం రెండు తగ్గుతుంది. లెక్క సరిపోవాలంటే ఒక ఆక్సిజన్ అయాన్ గడి ఖాళీగా వదలాలి. ఆ ఖాళీలోకి పక్క ఆక్సిజన్ గెంతుతుంది, దాని చోటు ఖాళీ అవుతుంది, ఇంకొకటి అందులోకి వస్తుంది. పారేది ఎలక్ట్రాన్లు కాదు, అయాన్లు. గెంతడానికి శక్తి కావాలి కాబట్టి వేడి ఉంటేనే సాగుతుంది.

అలాగని ఇట్రియా కలిపేకొద్దీ లాభం అనుకోకండి. ఒక హద్దు దాటాక ఖాళీలు ఇట్రియం అయాన్లకు అతుక్కుపోయి కదలడం మానేస్తాయి. ఆ హద్దు దాదాపు 8, 9 మోల్ శాతం దగ్గర. నెర్న్‌స్ట్ వాడిన 15 బరువు శాతాన్ని మోల్ శాతంలోకి మార్చి చూడండి. తొమ్మిదికి దగ్గరగా వస్తుంది. ఖాళీల సిద్ధాంతం లేని రోజుల్లో, కొలుచుకుంటూ పోయి ఆయన ఆ శిఖరం మీదే ఆగారు. ఈ వ్యాసంలో ఒక్క విషయం గుర్తుంచుకుంటామంటే నేను దీన్నే గుర్తుంచుకోమంటాను.

జంతికల గొట్టం, అగ్గిపుల్ల

తయారీ వింటే వంటింటి పనిలా ఉంటుంది. ఆక్సైడ్ల పొడులు కలిపి, జిగురు వేసి ముద్ద చేసి, జంతికల గొట్టంలా సన్నటి రంధ్రంలోంచి నొక్కేవారు. ఆ పోగుల్ని ఆరబెట్టి, ముక్కలు కోసి, గట్టిపడేదాకా పెద్ద మంటలో కాల్చి, రెండు కొసలకూ ప్లాటినం తీగలు అతికించేవారు. ఈరోజు నానో పౌడర్‌ని సోల్-జెల్ పద్ధతిలో చేసి, పెల్లెట్ నొక్కి, మఫుల్ ఫర్నేస్‌లో సింటర్ చేసి, రెండు వైపులా సిల్వర్ పేస్ట్ పూసే ప్రాజెక్ట్ విద్యార్థి చేసేదీ ఇంచుమించు ఇదే.

తిప్పలు లేకపోలేదు. చల్లగా ఉన్న కడ్డీలో కరెంటు పారదు కదా, వెలిగించాలంటే ముందు వేడి చేయాలి. తొలి దీపాలకు అగ్గిపుల్లో చిన్న మంటో చూపించాల్సి వచ్చేది. విద్యుత్ దీపాన్ని అగ్గిపుల్లతో వెలిగించడం! తర్వాత పక్కన ప్లాటినం తీగ హీటర్ పెట్టి, కడ్డీ అందుకోగానే అదే ఆగిపోయే ఏర్పాటు చేశారు. ఇంకో తిప్ప. వేడెక్కేకొద్దీ కడ్డీ నిరోధం తగ్గుతుంది. నిరోధం తగ్గితే కరెంటు పెరుగుతుంది, మరింత వేడెక్కుతుంది, చివరికి కడ్డీ కరిగిపోతుంది. దీనికి అడ్డుకట్టగా వరసలో ఒక ఇనప తీగ పెట్టారు. ఇనుము వేడెక్కితే నిరోధం పెరుగుతుంది. హైడ్రోజన్ నింపిన చిన్న గాజు బుడ్డిలో ఆ తీగ కూర్చుని కరెంటును అదుపులో పెట్టేది. ఒకదాని గుణం ఇంకొకదాని దోషాన్ని కాసుకునే ఇలాంటి అమరిక ఇంజినీరింగ్ విద్యార్థులకు నచ్చుతుంది.

ఇంత చేశాక వచ్చిన లాభమేంటంటే, కార్బన్ బల్బుతో పోలిస్తే అదే కరెంటుకి దాదాపు రెట్టింపు వెలుగు. అదీ తెల్లగా. బుడ్డిలోంచి గాలి లాగే పని లేదు.

1897లో పేటెంట్ వేశారు. 1899లో, చాలా ఎక్కువ వేడి దగ్గర గట్టి పదార్థాలు కూడా ద్రావణాల్లాగే అయాన్లతో కరెంటును పారిస్తాయని పత్రం ప్రచురించారు. దీపం వ్యాపారానికి, పత్రం విజ్ఞానానికి. క్రమం గమనించండి, ముందు పేటెంట్, తర్వాత పత్రం. పత్రం ముందు అచ్చేసి ఆనక పేటెంట్ అడిగితే కొత్తదనం పోయిందని తిరస్కరిస్తారు.

పది లక్షల మార్కులు

హక్కుల్ని బెర్లిన్‌లోని ఏఈజీ కంపెనీ కొంది. పది లక్షల మార్కులు ముట్టాయని చెబుతారు. ప్రొఫెసర్ అంటే జీతం రాళ్లతో బతికేవాడన్న అభిప్రాయం అప్పుడూ ఉంది. ఎడిసన్ ఆయన్ని కలిసినప్పుడు కాలేజీ చదువుల్ని తేలిక చేసి మాట్లాడాడనీ, నెర్న్‌స్ట్ తనకు దీపం మీద వచ్చిన మొత్తం చెప్పి ఆయన నోరు మూయించారనీ ఒక కథ ఉంది. కథలో ఎంత నిజమో కానీ, వాల్టర్ నెర్న్‌స్ట్ స్వభావానికి మాత్రం సరిగ్గా సరిపోతుంది. ఆయనకు డబ్బన్నా, గొప్పలు చెప్పుకోవడమన్నా సిగ్గు లేదు. గోటింగెన్‌లో కారు కొన్న తొలి మనుషుల్లో ఒకరు. 1900 పారిస్ ప్రదర్శనలో ఏఈజీ ఈ దీపాల్ని వెలిగించి చూపింది. అమెరికాలో వెస్టింగ్‌హౌస్ తయారీ మొదలుపెట్టింది.

కానీ దీపం నిలవలేదు. ఆస్మియం, టాంటలం, ఆ తర్వాత టంగ్‌స్టన్ తీగలు వచ్చాయి. మీట నొక్కగానే వెలుగుతాయి, వేడెక్కేదాకా ఆగక్కర్లేదు. 1910 తర్వాత నెర్న్‌స్ట్ దీపానికి ఇళ్లల్లో చోటు లేకుండా పోయింది. ఇందులో చమత్కారం ఒకటుంది. గోటింగెన్‌లో నెర్న్‌స్ట్ దగ్గర 1906లో డాక్టరేట్ తీసుకున్న అమెరికన్ కుర్రాడు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ పరిశోధన మొదలైందే వెలిగే నెర్న్‌స్ట్ కడ్డీ చుట్టూ వాయువులకు ఏమవుతుందన్న ప్రశ్నతో. వేడి తీగ, దాని చుట్టూ గ్యాసు అన్న విషయం ఆయన మనసులో పడిపోయింది. జనరల్ ఎలక్ట్రిక్‌లో చేరి, బల్బులో గ్యాసు నింపితే టంగ్‌స్టన్ తీగ ఎక్కువ కాలం మన్నుతుందని తేల్చారు. గురువు దీపాన్ని మూలకు నెట్టిన పనిలో శిష్యుడి చెయ్యి కూడా ఉంది.

ఇళ్లల్లోంచి పోయినా ల్యాబుల్లో ఉండిపోయింది. ఎమ్మెస్సీలో ఐఆర్ స్పెక్ట్రోస్కోపీ చదివినవాళ్లకు నెర్న్‌స్ట్ గ్లోయర్ పేరు తెలిసే ఉంటుంది. ఆ కడ్డీయే.

బెర్లిన్

1905లో బెర్లిన్ యూనివర్సిటీకి మారారు. అదే డిసెంబర్‌లో ఉష్ణ సిద్ధాంతం, మనం థర్మోడైనమిక్స్ మూడో నియమంగా చదువుకునేది, అకాడమీకి సమర్పించారు. పరమ శూన్య ఉష్ణోగ్రతకు దగ్గరయ్యేకొద్దీ ఎంట్రోపీ మార్పులు మాయమవుతాయన్నది సారం. దాన్ని నిరూపించడానికి ఏళ్ల తరబడి తన విద్యార్థులతో అతి చల్లదనంలో పదార్థాల ఉష్ణ సామర్థ్యాలు కొలిపించారు. 1911 సాల్వే సదస్సు వెనక ఉన్నదీ ఆయనే. ప్లాంక్‌తో కలిసి వెళ్లి ఐన్‌స్టీన్‌ని బెర్లిన్‌కి ఒప్పించి తెచ్చారు.

నోబెల్ 1920 సంవత్సరానిది, చేతికి అందింది 1921లో. అంత ఆలస్యం వెనక ఒకప్పటి మిత్రుడు అరీనియస్ వ్యతిరేకత ఉందని చరిత్రకారులు రాశారు. నోబెల్ కమిటీల్లో ఆయన మాట చెల్లేది. వూర్జ్‌బర్గ్ రోజుల స్నేహం అలా చెడింది. ఎవరిది తప్పంటే చెప్పలేం, నెర్న్‌స్ట్ నోరు కూడా మెత్తనిది కాదు. ఆ 1921లోనే ఆయన ల్యాబ్‌లో మన మేఘనాథ్ సాహా పనిచేశారు, తన అయనీకరణ సిద్ధాంతానికి ప్రయోగపూర్వక రుజువు కోసం.

దీనికి ముందే యుద్ధం వచ్చిపోయింది. 1914లో యాభై ఏళ్ల ప్రొఫెసర్ తన సొంత కారుతో సైన్యంలో స్వచ్ఛందంగా డ్రైవర్‌గా చేరారు. ఆ తర్వాత శత్రువుకి ఊపిరి, కళ్లు మండించే రసాయనాలు గుండ్లలో నింపే పనిలో సలహాదారుగా ఉన్నారు. హేబర్ క్లోరిన్ వాడకముందు జరిగిన ప్రయత్నాలవి. ఆయన జీవితంలో మరుగున పెట్టడానికి వీల్లేని భాగం ఇది. యుద్ధం ఆయన ఇద్దరు కొడుకుల్నీ తీసుకుపోయింది. మిగిలింది ముగ్గురు కూతుళ్లు.

ఆ ముద్ద ఏమైంది?

మనిషిని కాసేపు బెర్లిన్‌లో వదిలి, ఆయన పదార్థం వెంట వెళ్దాం. 1937లో జ్యూరిక్‌లో బౌర్, ప్రైస్ అనే ఇద్దరు నెర్న్‌స్ట్ మాస్‌ని దీపంగా కాకుండా ఎలక్ట్రోలైట్‌గా పెట్టి, దాదాపు 1000 డిగ్రీల దగ్గర ఫ్యూయల్ సెల్ నడిపారు. సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్‌కి అది మొదలు. 1976లో బాష్ కంపెనీ సెన్సర్ వోల్వో కార్లలోకి వచ్చింది. గుల్లకు ఒక పక్క బయటి గాలి, ఇంకో పక్క పొగ. రెండు పక్కలా ఆక్సిజన్‌లో ఉన్న తేడాకి నెర్న్‌స్ట్ సమీకరణం ప్రకారం వోల్టేజీ పుడుతుంది. పెట్రోల్ ఎక్కువైతే 0.9 వోల్టుల దగ్గర, గాలి ఎక్కువైతే 0.1 దగ్గర. అది చూసి కంప్యూటర్ పెట్రోల్ సర్దుతుంది. ఈ గుల్ల కూడా వేడెక్కితేనే పనిచేస్తుంది కాబట్టి కార్ల సెన్సర్లలో లోపల హీటర్ పెడతారు, పాత దీపంలో ప్లాటినం తీగ పెట్టినట్టే.

బ్యాటరీల్లో కథ ఇంకా తాజాది. ఇప్పుడు ఫోన్లలో, స్కూటర్లలో ఉన్న లిథియం సెల్‌లో ఎలక్ట్రోలైట్ ద్రవం, అంటుకునే స్వభావం ఉన్నది. దాని బదులు లిథియం అయాన్లు పారే గట్టి ఆక్సైడ్ పెట్టాలని ప్రపంచమంతా పాట్లు పడుతోంది. 2007లో జర్మనీలోని కీల్ యూనివర్సిటీ నుంచి రామస్వామి మురుగన్, వెంకటరామన్ తంగదురై, వెర్నర్ వెప్నర్ లిథియం, లాంథనం, జిర్కోనియం కలిసిన గార్నెట్ ఆక్సైడ్‌ని ప్రచురించారు. గది ఉష్ణోగ్రతలోనే అయాన్లు బాగా పారాయి. తర్వాత ఇంకొందరు అదే సూత్రంతో శుభ్రంగా చేస్తే వచ్చిన రూపం దాదాపు వంద రెట్లు తక్కువ పారనిచ్చింది. తేడా ఎక్కడుందంటే, పొడి కాల్చిన అల్యూమినా మూసలోంచి కొంచెం అల్యూమినియం పదార్థంలోకి చేరింది. బాగా పారనిచ్చే స్ఫటిక రూపాన్ని నిలబెట్టింది ఆ కొసరే. ఇప్పుడు దాన్ని కావాలనే కలుపుతున్నారు, అల్యూమినియమో టాంటలమో. నెర్న్‌స్ట్ తెలిసి చేసిన కల్తీ, నూటపదేళ్ల తర్వాత మూస తనంతట తానే చేసింది.

క్యాథోడ్ వైపు కూడా ఇదే పద్ధతి. నికెల్ ఎక్కువున్న ఆక్సైడ్‌లో కొద్దిగా అల్యూమినియం, జిర్కోనియం లాంటివి కలిపితే చార్జింగ్, డిశ్చార్జింగ్ తాకిడికి నిర్మాణం త్వరగా చెదిరిపోదు. నానో పరిమాణం ఎందుకంటే, రేణువు చిన్నదైతే లిథియం లోపలికి వెళ్లొచ్చే దూరం తగ్గుతుంది, పొడి తక్కువ వేడిలోనే గట్టిపడుతుంది. ప్రతిదీ నానో చేస్తే మంచిదని కాదు. ఉపరితలం పెరిగితే అక్కర్లేని చర్యలూ పెరుగుతాయి.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. చాలా ప్రాజెక్ట్ రిపోర్టుల్లో ఒకటి, మూడు, ఐదు శాతం డోపింగ్ అని వరస ఉంటుంది, ఎక్స్‌ఆర్‌డీ బొమ్మ ఉంటుంది, కండక్టివిటీ పెరిగిందని ఒక వాక్యం ఉంటుంది. పారుతున్నది అయానా, ఎలక్ట్రానా అన్న సంగతే ఉండదు. ఎలక్ట్రోలైట్‌లో ఎలక్ట్రాన్లు పారితే సెల్ లోపలే షార్ట్. క్యాథోడ్‌లో రెండూ పారాలి. ఇంటర్వ్యూ బోర్డు అడిగేది కూడా అక్కడే. ఇంపీడెన్స్ గ్రాఫ్‌లో మొదటి అర్ధవృత్తం రేణువు లోపలిదా, రేణువుల మధ్య హద్దుదా? పెల్లెట్ సాంద్రత ఎంత? డోపెంట్ నిజంగా సీట్లోకి వెళ్లిందా, పక్కన వేరే ముద్దగా మిగిలిందా? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్లు తక్కువ.

అవకాశాలు మన దగ్గరే ఉన్నాయి. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ బ్యాటరీ ఎలక్ట్రోడ్ పదార్థాల మీద పనిచేస్తోంది. తమిళనాడు కారైకుడిలోని సీఎస్‌ఐఆర్ సంస్థ సెక్రీ ఎలక్ట్రోకెమిస్ట్రీకే పెట్టింది పేరు. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా గిగా కారిడార్‌కి 2023 మేలో శంకుస్థాపన జరిగింది, లిథియం సెల్స్ తయారీ కోసం. సీఎస్‌ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలతో మొదలవుతుంది. గేట్ స్కోరుతో కూడా దారులున్నాయి. ఇక జిర్కోనియం సంగతా, మన కోస్తా ఇసుకల్లో ఇల్మెనైట్‌తో పాటు జిర్కాన్ కూడా ఉంది. అణు రియాక్టర్ల కోసం జిర్కాన్ ఇసుక నుంచి ఆక్సైడ్‌ని, దాన్నుంచి లోహాన్ని తీసిన సంస్థ హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్.

చేపల చెరువు

మళ్లీ ఆయన దగ్గరికి. 1930 ప్రాంతంలో నెర్న్‌స్ట్ బెచ్‌స్టీన్, సీమెన్స్ కంపెనీలతో కలిసి విద్యుత్ పియానో ఒకటి చేయించారు. సంగీతం తెలిసినవాళ్లకు పెద్దగా నచ్చలేదు. 1933లో నాజీలు అధికారంలోకి వచ్చిన ఏడాది యూనివర్సిటీ నుంచి రిటైరయ్యారు. ఇద్దరు అల్లుళ్లు యూదులు. ఆ కూతుళ్ల కుటుంబాలు దేశం విడిచి వెళ్లిపోయాయి. కొత్త ప్రభుత్వాన్ని ఆయన అసహ్యించుకున్నారు, దాచుకోలేదు. తాను తెచ్చిన ఐన్‌స్టీన్ కూడా అప్పటికి బెర్లిన్‌లో లేరు.

జిబెల్లె అనే పల్లెలో ఉన్న తన ఎస్టేట్‌కి చేరి, చెరువులో కార్ప్ చేపలు పెంచారు. ఆవులు, పందులు పెంచితే మన డబ్బుతో మేతేసి బయటి గాలిని వెచ్చబెట్టడమే అవుతుందనీ, చేపల ఒంటి వేడి నీటి వేడితో సమానం కాబట్టి నష్టం లేదనీ ఆయన లెక్క చెప్పేవారట. వినడానికి హాస్యమే, థర్మోడైనమిక్స్ మాత్రం సరిగ్గానే ఉంది.

1941 నవంబర్ 18న అక్కడే పోయారు. రెండో యుద్ధం నడుస్తోంది. పరాయి దేశాల్లో ఉన్న కూతుళ్లు రాగలిగే రోజులు కావవి. ఆయన అస్థికల్ని తర్వాత గోటింగెన్ శ్మశానానికి మార్చారు. ప్లాంక్ సమాధి ఉన్నదీ అక్కడే.

కడ్డీలో కరెంటు అసలెలా పారుతోందన్న ప్రశ్నకు జవాబు 1943లో వచ్చింది. కార్ల్ వాగ్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త, నెర్న్‌స్ట్ కడ్డీలో విద్యుత్ ప్రవాహం ఏ విధంగా జరుగుతుందన్న శీర్షికతోనే చిన్న పత్రం రాసి, ఆక్సిజన్ ఖాళీల సంగతి చెప్పారు. ఆ వాగ్నర్ 1958లో గోటింగెన్‌లోనే భౌతిక రసాయనశాస్త్రపు మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టర్‌గా వచ్చారు.